బ్రేకు బాగుంది

"అక్కా, మళ్ళీ జారింది."

గొంతు నేల కిందనుంచి వచ్చింది. అక్క బోర్లా పడుకుని, చెంప గచ్చుకి ఆనించి, గడపకీ లిఫ్టుకీ మధ్య ఉన్న సందులోకి టార్చి వేసింది. నాలుగు వేళ్ళు పట్టేంత సందు. ఆ వెలుగులో ముందు తమ్ముడి చెయ్యి కనిపించింది, తర్వాత చెమటకి తడిసిన మెడ, ఆ తర్వాత అతని ముఖానికి జానెడు ఎత్తులో లిఫ్టు అడుగు. నల్లటి ఇనుప దూలాలు.

"ఎంత జారింది?"

"టేపు పైన వదిలేశాను. ముక్కుతో కొలుస్తున్నా. ఇంకొంచెం దిగితే ముక్కు పక్కకి తిప్పాలి."

"కాలు?"

"ఉందనే అనుకుంటున్నా. స్ప్రింగు దాని మీద కూర్చుంది. లెమ్మంటే లేవట్లేదు."

"జోకులు ఆపరా."

"ఆపితే ఏడుపొస్తుందక్కా."

ఆమె వెనక ప్రింటింగ్ ప్రెస్సు మొత్తం నిలబడి చూస్తోంది. యంత్రాలు ఆపేశారు. ఆ నిశ్శబ్దంలో పైనుంచి, ఎక్కడో ఇనుము మీద ఇనుము రాసుకుంటున్న సన్నటి మూలుగు వినిపిస్తోంది.

సరుకులు మోసే పాత లిఫ్టు అది. మొదటి అంతస్తులో కాగితం కట్టలు కప్పుదాకా ఎక్కించాక కదలనని మొరాయించింది. ప్రెస్ మేనేజర్ అక్క నడిపే లిఫ్టు కంపెనీకి ఫోన్ చేశాడు. తమ్ముడు, ఆఫీసంతా బాబాయ్ అని పిలిచే హెడ్ మెకానిక్ ఇద్దరూ వచ్చారు. లిఫ్టు తిరిగే బావికి అడుగున నడుం లోతు గొయ్యి ఉంటుంది. అందులో లిఫ్టుకి కరెంటు ఆపేసే ఒక స్విచ్చు, దాని పక్కన, లిఫ్టు మరీ కిందికి దిగితే ఆపడానికి లావుపాటి స్ప్రింగు. ఆ స్విచ్చు పడిపోయి ఉంటుందనుకున్నాడు తమ్ముడు. గోతిలోకి దిగే ముందు, మేడ మీద మోటారు గదిలో ఉన్న బాబాయ్‌కి ఫోన్ చేసి ఒకే ఒక్క మాట అడిగాడు.

"బ్రేకు ఎలా ఉంది బాబాయ్?"

"బాగుంది."

తమ్ముడు దిగాడు. అతని వెనకే లిఫ్టు కూడా దిగింది. అది ధబాలున పడి ఉంటే, పక్కనున్న పట్టాలని కరుచుకుని ఆపే దవడలు పనిచేసేవి. మెల్లగా జారితే ఆ దవడలకి తెలియదు. తుప్పు పట్టిన స్ప్రింగు ఆ బరువుకి పక్కకి ఒరిగి అతని తొడని గోడకేసి నొక్కేసింది. పైకి వద్దామంటే దారి లేదు. అడ్డంగా మొద్దు దూర్చి ఆపుదామంటే ఆ సందులో పట్టదు.

అక్క లేచి నిలబడింది. వర్తకుల సంఘం హాల్లో ఉపన్యాసానికని వేసుకున్న కొత్త బట్టలు దుమ్ము కొట్టుకుపోయాయి. ఈపాటికి ఆమె మైకు ముందు ఉండాలి. "గెలిచేవాళ్ళ అలవాట్లు" అని పెద్ద అక్షరాలతో బ్యానర్ కూడా కట్టారు.

"ఫైర్ వాళ్ళేరీ?"

"వంతెన మీద ఇరుక్కున్నారటండి. లారీ అడ్డం తిరిగిందట," అన్నాడు మేనేజర్. అతని బట్టతల మీద చెమట, చేతిలో రుమాలు. రుమాలుతో తల తప్ప అన్నీ తుడుచుకుంటున్నాడు.

"తాళ్ళు జారకుండా బిగించే క్లాంపు?"

"మీ ఆఫీసు నుంచి బయల్దేరిందన్నారు. అదీ ఆ వంతెన మీదుగానే రావాలి కదండీ."

ఆమె అతని వైపు ఒక అడుగు వేసింది. "పోయినవారం ఆ పోటీ కంపెనీ వాళ్ళు వచ్చారా ఇక్కడికి?"

"వచ్చారు. కాంట్రాక్టు తమకి ఇమ్మని..."

"మోటారు గదిలోకి వెళ్ళారా?"

"వెళ్ళారేమో. నేను వాళ్ళ వెనక తిరగలేదు కదా మేడమ్."

"వెళ్ళారేమోనా? నిన్నటిదాకా సరిగ్గా ఉన్న బ్రేకు ఇవాళ ఎలా జారుతుంది? ఎవరో చెయ్యి పెట్టారు. ఎవడో తేలితే మాత్రం వదలను."

మేనేజర్‌కి ఏదో ఒకటి చెయ్యాలనిపించింది. ఆమె చూపు తప్పించుకోవడానికే అయినా సరే. "ఒరేయ్, చూస్తారేంట్రా? లోపలికెళ్ళి కట్టలు దించండి!" అని కేక పెట్టాడు.

లిఫ్టు నేల, గడప కన్నా రెండు మెట్లంత కిందికి దిగి ఉంది. తలుపు తెరిచే ఉంది. బస్తాలు మోసి మోసి భుజాలు కాయలు కాసిన ఒక కూలీ ఒక్క గెంతులో లోపలికి దిగాడు.

పైన ఇనుము కీచుమంది. లిఫ్టు కుదుపుతో కిందికి జారింది.

గోతిలోంచి కేక వచ్చింది. ఆ కేకలో జోకేమీ లేదు.

"బయటికి రా! ఎవరూ కాలు పెట్టకండి! రా బయటికి!"

కూలీ గడప పట్టుకుని పాక్కుంటూ వచ్చి గోడకి చేరబడిపోయాడు. ఆమె మళ్ళీ నేల మీద పడి టార్చి వేసింది. జానెడు కాస్తా బెత్తెడు అయింది. తమ్ముడు ముఖం పక్కకి తిప్పి ఉన్నాడు. ఒక్క కన్ను మాత్రం ఆమె వైపు చూస్తోంది.

"అక్కా."

"ఉన్నానురా."

"ఇంకోసారి జారితే వద్దులే. ఇంకోసారి వద్దు."

"జారదు. నేను చూసుకుంటాను."

"ఎలా?"

ఆ ప్రశ్నకి ఆమె దగ్గర జవాబు ఒకటే ఉంది. ఫోన్ తీసింది.

మోటారు గదిలో, బ్రేకుని చేత్తో విప్పి, పెద్ద చక్రం తిప్పి లిఫ్టుని పైకి లాగొచ్చు. కరెంటు పోయినప్పుడు మనుషులని దించేది అలాగే. నలుగురు బలంగా చక్రం పట్టుకుంటే, ఒకడు బ్రేకు విప్పితే చాలు. బ్రేకు బాగుండి, ఏ బోల్టో వదులై జారుతుంటే ఇదే దగ్గరి దారి.

"బాబాయ్, అక్కడ మనుషులున్నారా?"

"ఐదుగురున్నారు మేడమ్. ప్రెస్సు వాళ్ళు." బాబాయ్ గొంతు మామూలుగానే ఉంది. ఆఫీసులో రోజూ పొద్దున వినిపించే గొంతే. జుట్టు నెరిసినా, ఎవరైనా ఎలా ఉన్నావంటే "అదిరిపోయింది" అనే మనిషి.

"చక్రం పట్టించు. నేను ఊ అనగానే బ్రేకు విప్పు. పైకి తిప్పాలి."

"అలాగే మేడమ్."

"బ్రేకు ఎలా ఉంది?"

"బాగుంది మేడమ్."

"మరెందుకు జారుతోంది?"

"చూస్తున్నా. ఆలోచిస్తున్నా మేడమ్. ఏదో ఒకటి చేసేస్తాం."

ఏదో ఒకటి చేసేస్తాం. ఆ మాట ఆమె నేర్పిందే.

ఆమె అలవాట్ల మనిషి. తెల్లారకముందే లేస్తుంది. చన్నీళ్ళు పోసుకుంటుంది. ఆ రోజు తప్పకుండా చెయ్యాల్సిన పని అద్దం మీద రాస్తుంది, రాత్రికి దాన్ని తుడిచేశాకే పడుకుంటుంది. ఒక పానాల సంచి, ఒక పాత స్కూటరుతో మొదలుపెట్టి ఊళ్ళో సగం లిఫ్టులు తన చేతి కిందకి తెచ్చుకుంది. ఆ అలవాట్లే తెచ్చిపెట్టాయి, అందులో అబద్ధమేమీ లేదు. మొదట్లో ఆమె దగ్గర చేరిన పనివాళ్ళు పొద్దున్న లేస్తే ఏడుపే. నిచ్చెన లేదు, కస్టమర్ తిట్టాడు, ఎండ మండిపోతోంది. విని విని ఒకరోజు గోడ మీద కాగితం అంటించింది. "సమస్య తెస్తే పరిష్కారం కూడా తే." అది పనిచేసింది. మనుషులు బుర్ర వాడడం మొదలుపెట్టారు. రోజూ పొద్దున్నే అందరూ నిలబడి మాట్లాడుకునే మీటింగులో నవ్వులు వినిపించాయి.

ఆ నవ్వుల్లోంచే ఒక ఆట పుట్టింది. ఎవరైనా ఒట్టి సమస్యతో నోరు తెరిస్తే మిగతావాళ్ళంతా చప్పట్లు కొడతారు. నవ్వుతూనే, గట్టిగా, వాడు నోరు మూసుకునేదాకా. కొత్తగా చేరినవాళ్ళు మొదటివారం ఎర్రబడతారు, రెండోవారం తామూ కొడతారు. ఈ చప్పట్ల సంగతి ఆమె ప్రతి ఉపన్యాసంలోనూ చెబుతుంది. జనం పడిపడి నవ్వుతారు, కాగితాల మీద రాసుకుంటారు.

"చక్రం పట్టారు మేడమ్," అన్నాడు బాబాయ్ ఫోన్లో.

"బాబాయ్, సిద్ధమేనా?"

"సిద్ధమే."

"ఊ" అనడానికి ఆమె నోరు తెరిచింది. కింద, సందులో, తమ్ముడి కన్ను టార్చి వెలుగుకి మెరిసింది. ఆమె ఆగింది. ఫోన్లో బాబాయ్ ఊపిరి వినిపిస్తోంది. పరిగెత్తుకొచ్చినవాడిలా రొప్పుతున్నాడు. అదిరిపోయింది అనే మనిషి ఊపిరి కాదది.

"బాబాయ్, నీకేమైనా చెప్పాలనుందా?"

"లేదు మేడమ్. ఆలోచిస్తున్నా. ఒక్క నిమిషం ఇవ్వండి, దారి దొరకగానే చెప్తా."

ఆమెకి అప్పుడు అర్థమైంది. పరిష్కారం దొరికాక చెబుదామని, సమస్య పళ్ళ వెనక పెట్టుకుని నిలబడ్డాడు. కింద మనిషి చచ్చిపోతున్నా సరే.

"దారి దొరక్కపోయినా చెప్పు! నీ దగ్గర ఏ పరిష్కారం లేకపోయినా చెప్పు. వింటున్నావా? కాళ్ళు పట్టుకుంటా బాబాయ్, ఒట్టి సమస్య చెప్పు చాలు!"

ఫోన్లో ఎక్కిళ్ళు వినిపించాయి.

"బ్రేకు విప్పొద్దమ్మా." మేడమ్ కాస్తా అమ్మ అయింది. "విప్పితే చక్రం ఆగదు. ఐదుగురు కాదు, పదిమంది పట్టినా ఆగదు. బ్రేకు డ్రమ్ము నిండా నూనె. గేరుపెట్టె సీలు పోయింది. నూనె కారి బ్రేకు మీదే పడుతోంది. సగం సగం పట్టుకుందంతే. అదీ వదిలితే రాయిలా పడిపోద్ది."

"ఎప్పట్నించి?"

"వర్షాలప్పట్నుంచీ."

"వర్షాలప్పట్నుంచా! మరి రోజూ బాగుంది, బాగుంది అని..."

"వచ్చినప్పుడల్లా కిరసనాయిలు గుడ్డతో తుడుస్తున్నా. తుడిస్తే రెండు మూడు రోజులు పట్టుకునేది. ఇవాళ పొద్దున్న కూడా తుడిచా. అందుకే బాబుతో బాగుందన్నా. ఇంత బరువు మీద ఉందని అనుకోలేదమ్మా."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పబోయాను. మీటింగులో. ఈ పాత మోడలు సీలు ఎక్కడా దొరకట్లేదు, ఏం చెయ్యాలో తోచట్లేదు అని మొదలెట్టా. చప్పట్లు కొట్టారు. నేనూ నవ్వేసి ఊరుకున్నా."

"ఎవరు? మొదట ఎవరు కొట్టారు?"

"అదెందుకు లెండి ఇప్పుడు."

"చెప్పు!"

"బాబు సంగతి చూడండమ్మా ముందు."

నిజమే. అరవడానికి తర్వాత టైముంటుంది. ఆమె కళ్ళు మూసుకుంది. నూనె. అయితే బ్రేకు మళ్ళీ జారుతుంది, ఎవరూ ముట్టుకోకపోయినా జారుతుంది. ఫైర్ వాళ్ళు వచ్చేదాకా ఆగదు. ఇంత బరువుకి చక్రంలో చెక్క దిగ్గొట్టినా విరిగిపోతుంది. బరువు కిందికి లాగుతోంది కాబట్టి కిందికి జారుతోంది. మరి బరువు లేకపోతే?

ఆమె కళ్ళు తెరిచింది.

ప్రతి లిఫ్టుకీ తాళ్ళ రెండో చివర ఇనుప దిమ్మెలు వేలాడుతుంటాయి. ఖాళీ లిఫ్టు కన్నా వాటి బరువే ఎక్కువ. కట్టలు తీసేస్తే దిమ్మెలు కిందికి, లిఫ్టు పైకి. బ్రేకు గట్టిగా ఉన్న లిఫ్టయితే ఉన్నచోటే ఆగిపోయి ఉండేది. దీన్ని ఆపే బ్రేకు లేదు. ఇప్పటిదాకా తమ్ముణ్ణి నొక్కుతున్న నూనే అతన్ని వదిలించాలి.

"కట్టలు లాగాలి," అంది లేస్తూ. "లోపల ఎవరూ అడుగు పెట్టకూడదు. బయట నుంచే."

"బయట నుంచెలాగండీ? వెనక వరసలు చెయ్యందవు కదా!" అన్నాడు మేనేజర్.

"కొక్కేలు, తాళ్ళు, చీపురు కర్రలు, ఏవుంటే అవి తెండి. మీ దగ్గర కట్టలు లాగే కొక్కేలుండాలే?"

"ఉన్నాయి, కానీ కాగితం చిరిగిపోద్ది మేడమ్. అది చాలా..." అని మొదలుపెట్టినవాడు, ఆమె ముఖం చూసి, "చిరగనీయండి" అని తనే పరిగెత్తాడు.

ముందు వరస చేతులతోనే లాగేశారు. గడప మీద బోర్లా పడుకుని ఇద్దరు, వాళ్ళ కాళ్ళు పట్టుకుని మరో ఇద్దరు, కట్టలు అందుకుని వెనక్కి దొర్లించేవాళ్ళు ఇంకొందరు. బైండింగు సెక్షన్ ఆడవాళ్ళు ఎవరూ పిలవకుండానే వచ్చి వరసలో నిలబడ్డారు. కట్టలు చేతులు మారుతూ గోడ దగ్గరికి పోతున్నాయి.

ఇంతలో పైన కీచుమంది. అందరూ బిగుసుకుపోయారు.

"అక్కా!" గొంతు ఈసారి నలిగినట్టుగా వచ్చింది. "ఛాతీకి తగిలింది. ఊపిరి... పూర్తిగా తీసుకోలేకపోతున్నా."

"చిన్నగా తీసుకోరా. చిన్న చిన్నగా. మాట్లాడకు." ఆమె కొక్కెం కర్ర లాక్కుని తనే గడప మీద పడుకుంది. రెండో వరస. కొక్కెం కట్ట తాడుకి తగిలించి లాగింది. కాగితం చిరిగి తెల్లగా లోపలే పరుచుకుపోయింది, కట్ట మాత్రం కదల్లేదు. మళ్ళీ వేసింది. అరచేతుల్లో తోలు లేచిపోయింది. పక్కనున్న కూలీ, ఇందాక లోపలికి దూకినవాడే, "మీరు పైన తగిలించండమ్మా, నేను కింద తోస్తా" అన్నాడు. ఇద్దరూ కలిసి లాగారు. వచ్చింది. ఇంకొకటి. ఇంకొకటి.

"వాణ్ణి పలకరించండి ఎవరైనా!" అని అరిచింది.

బైండింగు సెక్షన్ పెద్దావిడ ఒకామె సందు దగ్గర కూలబడింది. "బాబూ, వింటున్నావా నాయనా? ఏవైనా చెప్పు."

"అమ్మా... మా అక్కతో చెప్పండి... ఇవాళ సెలవు కావాలని."

పెద్దావిడ నవ్వబోయి, నోటికి చెంగు అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

మూడో వరస సగానికి వచ్చింది. చివరి వరసకి ఏ కొక్కెమూ అందట్లేదు. రెండు కర్రలు కలిపి కట్టారు. అది వంగిపోయింది. కింద నుంచి మాట లేదు. అక్క "ఒరేయ్" అంది. జవాబు లేదు. "ఒరేయ్ తమ్ముడూ!" జవాబు లేదు. సందు దగ్గరున్న పెద్దావిడ తల అడ్డంగా ఊపింది. ఆ ఊపడం దేనికో ఎవరికీ తెలియలేదు. మేనేజర్ రుమాలు నోట్లో కుక్కుకున్నాడు.

"లాగండి! ఆపకండి, లాగండి!"

ఇనుప గొట్టానికి కొక్కెం కట్టి తెచ్చారు. ముగ్గురు కలిసి పట్టుకుని వేశారు. చివరి వరసలో ఒక కట్ట దొర్లింది. దాని వెనక ఇంకోటి. ఆమె లెక్కపెట్టడం ఎప్పుడో మానేసింది. ఇంకొకటి లాగబోతుండగా, గడప మీద ఆనించిన ఆమె మోచేతికి ఏదో తేడా తెలిసింది. పక్కనే ఉన్న లిఫ్టు అంచు, మోచేతి కన్నా కిందుండాల్సింది, చర్మాన్ని రాసుకుంటూ పైకి వస్తోంది.

"కదిలింది," అన్నాడు కూలీ గుసగుసగా. పెద్దగా అంటే ఆగిపోతుందేమో అన్నట్టు.

లిఫ్టు నిద్రలో ఒళ్ళు విరుచుకుంటున్నట్టు లేస్తోంది. బెత్తెడు. జానెడు. దాని నేల గడప దాటింది. దాని కింద చీకటి తెరుచుకుంది, ఆ చీకటిలోంచి ముందు ఒక దగ్గు, తర్వాత గాలి పీల్చుకునే పెద్ద చప్పుడు.

"బాబాయ్! పైకి వస్తోంది. మనిషి దూరేంత ఎత్తుకి రాగానే చెప్తా, చక్రానికి చెక్క దిగ్గొట్టు!"

"దిగ్గొడతానమ్మా!"

"ఇంకా... ఇంకా... కొట్టు!"

పైన సుత్తి దెబ్బలు. లిఫ్టు వణికి ఆగింది. అక్క ఎవరి మాటా వినకుండా గోతిలోకి దూకేసింది. ఆ కూలీ ఆమె వెనకే దూకాడు. స్ప్రింగుని ఇద్దరూ భుజాలతో తోశారు. తమ్ముణ్ణి చంకల కింద చేతులు వేసి ఎత్తారు. పైనుంచి పది చేతులు అందుకున్నాయి.

వంతెన దాటుకుని ఫైరింజను, అంబులెన్సు ఒకేసారి వచ్చాయి. తమ్ముడు స్ట్రెచర్ మీద ఉన్నాడు. తొడ ఎముక విరిగింది, రెండు పక్కటెముకలు కూడా పోయి ఉంటాయన్నారు. బతుకుతాడు. అక్క అతని చెయ్యి పట్టుకుని నిలబడింది. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. ఆమెకి అంతకన్నా ఏమీ వద్దనిపించింది. ఒక్క నిమిషం సేపే.

ఫైర్ ఆఫీసరు మోటారు గది చూసి దిగి వచ్చాడు. అతని వెనక బాబాయ్, మోచేతులదాకా నూనెతో.

"ఆ నూనె ఇవాళ్టిది కాదు," అన్నాడు ఆఫీసరు. "నెలల తరబడి కారింది. పోలీసులకి నేను రిపోర్టు ఇవ్వాలి. ఇది తెలిసీ చెప్పకుండా దాచిందెవరు?"

"ఇంకెవరండీ? వీళ్ళ మెకానిక్కే! మాటిమాటికీ వచ్చి బాగుంది, బాగుంది అని వెళ్ళిపోయేవాడు," అన్నాడు మేనేజర్.

బాబాయ్ తల దించుకున్నాడు. "నేనేనండి. నాదే తప్పు. రాసుకోండి."

ఎంత సులువుగా అనేశాడో! అక్క అతని వైపు చూసింది. ఒక్కసారి ఆమె తల ఊపితే చాలు. నిర్లక్ష్యం చేసిన ఒక మెకానిక్. ఉద్యోగంలోంచి తీసేసిన కంపెనీ. కాంట్రాక్టులు ఉంటాయి, ఉపన్యాసాలు ఉంటాయి, ఆమెని నమ్ముకున్న అన్ని కుటుంబాలూ ఉంటాయి. బాబాయ్ ఇంటికి నెలనెలా ఏదో పంపిస్తూ ఉండొచ్చు. ఆమె బుర్రలో పరిష్కారం అప్పుడే తయారైపోయింది. ఎప్పట్లాగే చకచకా, ఎక్కడా అతుకు కనపడకుండా.

"అవునండి," అంది. "మా హెడ్ మెకానిక్..."

ఆమె చేతిలో ఉన్న చెయ్యి బిగుసుకుంది. తమ్ముడు ఆక్సిజన్ మాస్కు పక్కకి లాగాడు.

"కాదు."

వాళ్ళ ఆఫీసులో ఎవరూ అనని మాట అది. బాబాయ్ ఉలిక్కిపడి చూశాడు.

"నువ్వు మాట్లాడకురా, ఊపిరి..."

"బాబాయ్ చెప్పబోయాడు సార్. సీలు పోయిందనే చెప్పబోయాడు. మీటింగులో నేనూ ఉన్నా. చప్పట్లు కొట్టి నోరు మూయించాం. నేనూ కొట్టాను."

"చప్పట్లేంటి?" అన్నాడు ఆఫీసరు.

"మా దగ్గర అంతేలెండి. సమస్య చెప్పకూడదు."

"అలాగని ఎవరు పెట్టారు? ఆ రోజు ఆయన్ని ఆపించింది ఎవరు?"

"వద్దు బాబూ," అన్నాడు బాబాయ్. "నేను ఒప్పుకున్నాగా. వదిలెయ్ బాబూ."

తమ్ముడు అతని మాట వినిపించుకోలేదు. తల తిప్పి అక్క వైపు చూశాడు. కోపంగా చూసి ఉంటే ఆమె ఏదో ఒకటి అనగలిగేది. అతని కళ్ళలో నీళ్ళున్నాయి. ఆ రోజు మీటింగు ఆమె కళ్ళ ముందుకి వచ్చింది. బాబాయ్ సగంలో ఉన్న మాట, చుట్టూ నవ్వు ముఖాలు, అందరికన్నా ముందు లేచిన రెండు చేతులు. ఆ చేతులకి ఇప్పుడు తోలు లేచిపోయి ఉంది.

"ఎవరు?" అని మళ్ళీ అడిగాడు ఆఫీసరు.

"మా అక్క," అన్నాడు తమ్ముడు.